కాలేయంలో కొవ్వు: కొత్త మందులకు పరీక్షా కాలం

సూరత్ నగరానికి నైరుతి దిశలో, తాపీ నది సముద్రంలో కలిసే చోటుకు చేరువగా డుమస్ అనే తీరగ్రామం ఉన్నది. ఇక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. ఏటికి ఆవలి ఒడ్డున హజీరా పారిశ్రామిక ప్రాంతం. అక్కడి కర్మాగారాలలో పనిచేసే వారిలో తెలుగువారూ ఉన్నారు. వారాంతపు సాయంకాలాలలో కుటుంబాలు డుమస్ చేరుకుంటాయి. గుండ్రంగా తరిగిన టమాటా ముక్కలకు పచ్చిమిరప, కొత్తిమీర పచ్చడి పట్టించి, శనగపిండిలో ముంచి, కాగిన నూనెలో వేసి తీసే టమాటా భజియా ఇక్కడి ప్రత్యేకత. 'సూరత్‌లో భోజనం, కాశీలో మరణం' అన్నది గుజరాతీల సామెత. ఘారీ, ఉంధియు, లోచో రుచి చూసిన వారెవరూ ఆ సామెతలోని మొదటి సగాన్ని కాదనరు.

ఈ రుచుల నేల మీద ఒక విచిత్రాన్ని పాఠకుల దృష్టికి తేవడం ఈ వ్యాసం ఉద్దేశం. గుజరాత్‌లో 1960లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుండి మద్యనిషేధం అమలులో ఉన్నది. పర్మిట్ల మినహాయింపులు కొన్ని ఉన్నప్పటికీ, దేశంలో ఇంత దీర్ఘకాలం నిషేధాన్ని నిలుపుకున్న రాష్ట్రాలు అరుదు. (మన ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన నిషేధం 1997లోనే సడలిపోయిన సంగతి పెద్దలకు జ్ఞాపకం ఉంటుంది.) అటువంటి రాష్ట్రంలోనే, అహమదాబాద్ కేంద్రంగా గల ఒక ఔషధ సంస్థ, మద్యంతో సంబంధం లేని కాలేయ వ్యాధికి మందును రూపొందించి, దానికి దేశంలో ఆమోదం సంపాదించింది. తాగని వారికి లివరు జబ్బేమిటన్న ప్రశ్న సహజంగానే కలుగుతుంది.

మన ఇళ్లలో 'లివరు చెడింది' అంటే అర్థం ఒక్కటే. ఆ మాట చెవిన పడగానే బంధువులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. జీవితంలో ఒక్క చుక్క ముట్టని గృహిణి కూడా ఆ నిందకు వెరచి రిపోర్టును బీరువాలో దాచుకుంటుంది. వైద్యులు సైతం చాలాకాలం ఇటువంటి రోగులను నమ్మలేదు. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన లుడ్విగ్, ఆయన సహచరులు, మద్యం అలవాటు లేని రోగుల కాలేయంలో మద్యపాన రోగుల కాలేయాన్ని పోలిన మార్పులే ఉన్నాయని వివరించి, దానికి 'నాన్ ఆల్కహాలిక్ స్టియాటో హెపటైటిస్' అని పేరు పెట్టారు. క్లుప్తంగా 'నాష్' అని వ్యవహరిస్తారు. కాదు, కాదు అంటూ చెప్పే ఈ పేరు రోగికి అవమానకరంగా ఉన్నదన్న అభ్యంతరంతో 2023లో అంతర్జాతీయ వైద్య సంఘాలు దీనిని మార్చాయి. కొవ్వు చేరిన దశకు 'మాస్‌ల్డ్' అని, వాపు తోడైన దశకు 'మాష్' అని కొత్త పేర్లు వచ్చాయి. శరీరపు జీవక్రియ గతి తప్పడం వలన వచ్చే వ్యాధి అన్నది వాటి సారాంశం.

ఆరోగ్యవంతుని కాలేయంలో కొవ్వు అత్యల్పం. అది నూటికి ఐదు పాళ్లు మించితే ఫ్యాటీ లివర్ అంటారు. అందరిలోనూ అది అక్కడితో ఆగదు. కొందరిలో కణాలు వాచి, నశించి, వాటి స్థానంలో మచ్చకట్టిన నారపదార్థం ఏర్పడుతుంది. దీనిని ఫైబ్రోసిస్ అంటారు. సున్నా నుండి నాలుగు వరకు దానికి అంకెలు వేస్తారు. నాలుగు అంటే సిర్రోసిస్. వాపు దశలో ఉన్న రోగులలో ఒక అంకె నుండి తరువాతి అంకెకు చేరడానికి సగటున ఏడేళ్లు పడుతుందని 2015లో వెలువడిన ఒక విశ్లేషణ తేల్చింది. ఈ ఏడేళ్ల మాట పాఠకులు గుర్తుంచుకోవాలి. మందుల పరీక్షలకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టినది ఇదే.

స్థూలకాయులకే వచ్చే జబ్బన్న భావన కూడా సరికాదు. పశ్చిమ బెంగాల్ గ్రామాలలో 1,911 మందిని పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో 8.7 శాతం మందికి ఫ్యాటీ లివర్ కనిపించగా, వారిలో నాలుగింట మూడు వంతుల మంది స్థూలకాయులు కారు. ఇక మన హైదరాబాద్ సంగతి. అక్కడి సమాచార సాంకేతిక రంగ ఉద్యోగులు 345 మందిని పరిశీలించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉన్నట్లు తేలింది. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, వేళ తప్పిన భోజనం, చాలని నిద్ర: ఈ మూడూ షిఫ్టులలో పనిచేసే మన కంట్రోల్ రూములకు కొత్తవి కావు. కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో ఈ వ్యాధిని మధుమేహం, గుండెజబ్బుల నివారణ జాతీయ కార్యక్రమంలో చేర్చినది.

అహమదాబాద్ మందు

జైడస్ కాడిలా సంస్థ పరిశోధనశాలలో రూపుదిద్దుకున్న మందు పేరు సరోగ్లిటజార్. అంగడి పేరు లిపాగ్లిన్. 2013లో భారత ఔషధ నియంత్రణాధికారి దీనిని మధుమేహ రోగులలో రక్తపు కొవ్వులను అదుపు చేయడానికి ఆమోదించారు. కణంలో కొవ్వును, చక్కెరను నియంత్రించే రెండు 'మీటలను' ఒకేసారి నొక్కే మందుల కుటుంబానికి ఇది చెందినది. ఆ కుటుంబం చరిత్ర అంత నిర్మలమైనది కాదు. మురాగ్లిటజార్ గుండెకు ముప్పు తెస్తుందన్న అనుమానంతో వెనుదిరిగినది. టెసాగ్లిటజార్ మూత్రపిండాల విషయంలో తప్పింది. అలెగ్లిటజార్ పరీక్షలు 2013లో మధ్యలోనే నిలిచిపోయాయి. పెద్ద పెద్ద విదేశీ కంపెనీలు చేతులెత్తేసిన దారిలో ఒక భారతీయ సంస్థ చివరిదాకా నడవడం చెప్పుకోదగిన విషయమే.

కాలేయం మీద దీని ప్రభావాన్ని తెలుసుకొనడానికి అమెరికాలో 106 మందిపై 16 వారాల పరీక్ష జరిగింది. రోజుకు 4 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్న వారిలో ఎస్.జి.పి.టి. సుమారు 46 శాతం తగ్గింది. ఉత్తుత్తి మాత్ర పొందిన వారిలో 3 శాతం పెరిగింది. భారతదేశంలో జరిగిన మరొక పరీక్షలో 52 వారాల తరువాత కాలేయం ముక్క తీసి చూశారు. 2020 మార్చిలో, సిర్రోసిస్ చేరని నాష్ రోగులకు ఈ మందును వాడడానికి భారత నియంత్రణాధికారి అనుమతించారు. అప్పటికి అమెరికాలో ఈ వ్యాధికి ఆమోదం పొందిన మందు ఒక్కటి కూడా లేదు. ఇది మనకు గర్వకారణమే. అయితే 106 మంది, 16 వారాలు అన్న అంకెలను, ముందు చెప్పిన ఏడేళ్ల మాటను పక్కపక్కన పెట్టి చూసే పాఠకునికి, ఇంకా తెలియవలసినది ఎంతో ఉన్నదన్న సంగతి బోధపడుతుంది. గర్వపడటానికీ జాగ్రత్తపడటానికీ పరస్పర వైరం ఏమీ లేదు.

పరీక్ష ఎలా జరుగుతుంది?

మొదట కొద్దిమందిలో మందు భరింపదగినదా అని చూస్తారు. తరువాత కొన్ని వందల మందిలో మోతాదు నిర్ణయిస్తారు. మూడవ దశలో పెద్ద సంఖ్యలో రోగులను చీటీలు వేసినట్లుగా రెండు మూడు జట్లుగా విడదీస్తారు. ఒక జట్టుకు అసలు మందు, మరొక జట్టుకు రంగులో, ఆకారంలో అచ్చం దానిలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది వెళ్లినదో రోగికీ తెలియదు, వైద్యునికీ తెలియదు. ఇది మోసం కాదా అని అడిగేవారున్నారు. ముందుగా చెప్పి, ఒప్పించి చేసేది మోసం కాదు. కాలేయం విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఎందుకంటే పరీక్షలో చేరిన మనిషి ఊరకే ఉండడు. డాక్టరు చూస్తున్నాడన్న స్పృహతో భజియా మానుతాడు, నాలుగు అడుగులు నడుస్తాడు. మందు లేకుండానే ఎస్.జి.పి.టి. దిగుతుంది. ఆ కీర్తి మందుకు దక్కకుండా కాపాడేది ఉత్తుత్తి మాత్రే.

రెండవ చిక్కు కొలత. కాలేయం ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడడమే ఇన్నాళ్లూ ప్రమాణం. సూదితో తీసే ఆ ముక్క మొత్తం కాలేయంలో యాభై వేలవ వంతు మాత్రమే. ఒక మూల తీసిన ముక్కలో మచ్చ కనబడి, మరొక మూల కనబడకపోవచ్చు. ఒకే ముక్కను చూసి ఇద్దరు నిపుణులు వేర్వేరు అంకెలు వేయడమూ ఉన్నది. పైగా అది నొప్పితో, అరుదుగా రక్తస్రావపు ప్రమాదంతో కూడిన పని. అందువల్లనే ఫైబ్రోస్కాన్ వంటి నొప్పి లేని కొలతల వైపు పరిశోధకులు మొగ్గుతున్నారు.

మూడవది కాలం. సిర్రోసిస్, మరణం వంటి అసలు ఫలితాల కొరకు వేచి ఉండాలంటే ఒక తరం గడచిపోతుంది. కనుక నియంత్రణ సంస్థలు ఒక మధ్యేమార్గం అనుసరించాయి. సంవత్సరం, ఏడాదిన్నర తరువాత వాపు పోయిందా, మచ్చ ఒక అంకె తగ్గిందా అని చూసి తాత్కాలిక ప్రాతిపదికన త్వరిత ఆమోదం ఇస్తారు. అసలు ఫలితం చూపే బాధ్యత కంపెనీ మీద మిగిలే ఉంటుంది.

ఈ గీటురాయి మీద ఎన్నో మందులు ఓడిపోయాయి. సెలాన్‌సెర్టిబ్ 2019లో, ఎలాఫిబ్రనార్ 2020లో విఫలమైనాయి. ఓబెటికోలిక్ ఆమ్లం కథ మరింత ఆలోచింపజేసేది. 931 మంది ఫలితాలలో ఎక్కువ మోతాదు తీసుకున్న వారిలో 23 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వారిలో 12 శాతం మందికి మచ్చ తగ్గింది. అంటే మందు పనిచేసింది. కాని సగం మందికి ఒళ్లంతా దురద. ఏళ్ల తరబడి ఏ బాధా తెలియని రోగికి దురద పుట్టించే మందు, అదీ నూటికి పదకొండు మందికి అదనపు మేలు కొరకు! అమెరికా నియంత్రణ సంస్థ 2020లో ఒకసారి, 2023లో మరొకసారి నిరాకరించింది. కంపెనీ ఈ వ్యాధిపై ప్రయత్నాన్నే విరమించుకున్నది.

2024 మార్చిలో మాత్రం అమెరికాలో మొదటి ఆమోదం వెలువడింది. ఆ మందు రెస్మెటిరామ్. కాలేయంలో థైరాయిడ్ హార్మోనుకు స్పందించే ఒకానొక గ్రాహకం మీద ఇది పనిచేస్తుంది. 966 మందిపై 52 వారాల పరీక్షలో, 100 మిల్లీగ్రాముల మోతాదు వారిలో 29.9 శాతం మందికి వాపు పోయింది. ఉత్తుత్తి మాత్ర వారిలో 9.7 శాతం మందికి. మచ్చ తగ్గినవారు 25.9 శాతం, 14.2 శాతం. 2025 ఆగస్టులో, మధుమేహానికీ బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లుటైడ్ ఇంజెక్షనుకు కూడా ఈ వ్యాధిలో అనుమతి లభించింది. 800 మందిపై 72 వారాల పరీక్షలో వాపు పోయినవారు 62.9 శాతం. ఉత్తుత్తి ఇంజెక్షను జట్టులో 34.3 శాతం! మందులేని జట్టులోనే ప్రతి ముగ్గురిలో ఒకరికి మెరుగుపడిందంటే, పోలిక లేకుండా ఏ మందునైనా ఎంత సులభంగా అద్భుతమని ప్రకటించవచ్చునో గ్రహించవచ్చు. 'మా మందుతో నూరు రోజులలో ఫ్యాటీ లివర్ మాయం' అన్న ప్రకటన చూసినప్పుడు, ఉత్తుత్తి మాత్రతో పోల్చారా అన్న ఒక్క ప్రశ్న వేస్తే చాలు.

సంతకం చేసే ముందు

ఇటువంటి పరీక్షలకు వయోజనులు కావాలి. మన సోదర ఉద్యోగులలోనో వారి కుటుంబాలలోనో ఎవరికైనా ఏదో ఒక రోజు ఒక ఆసుపత్రిలో 'కొత్త మందు పరీక్ష ఉన్నది, చేరతారా?' అన్న ప్రశ్న ఎదురు కావచ్చు. మందు ఉచితం, పరీక్షలు ఉచితం అనగానే సంతకం చేసేవారు కొందరు. మమ్మల్ని ఎలుకలను చేస్తారా అని కోపగించేవారు మరికొందరు. రెండు తొందరపాట్లూ తగవు.

కోపానికి కారణాలు లేకపోలేదు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది, గుజరాత్‌లోని వడోదర జిల్లాలో సుమారు 10 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ నిరోధక టీకా వేసే అధ్యయనం చేపట్టారు. ఏడుగురు బాలికలు మరణించిన నేపథ్యంలో 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని సమ్మతి పత్రాల సంగతి వేరు. ఖమ్మంలో గిరిజన వసతిగృహాలలోని బాలికల తరఫున వార్డెన్లు సంతకాలు చేసిన వైనం బయటపడింది. 2013లో పార్లమెంటరీ సంఘం దానిని తీవ్రంగా ఆక్షేపించింది. అదే కాలంలో సుప్రీంకోర్టు కూడా ఔషధ పరీక్షల నియంత్రణపై ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీసింది. తెలుగు నేలకూ గుజరాత్ నేలకూ ఉమ్మడిగా మిగిలిన ఈ చేదు అనుభవం నుండే నేటి నిబంధనలలో చాలా భాగం పుట్టింది.

2019 మార్చి నుండి అమలులోకి వచ్చిన కొత్త ఔషధాల, క్లినికల్ పరీక్షల నిబంధనల ప్రకారం, ప్రతి పరీక్షనూ కనీసం ఏడుగురు సభ్యులు గల నైతిక సంఘం ఆమోదించాలి. వారిలో సగం మంది ఆ ఆసుపత్రికి సంబంధం లేనివారై ఉండాలి. ఒక సామాన్యుడు, ఒక న్యాయకోవిదుడు, కనీసం ఒక మహిళ తప్పనిసరి. పరీక్ష వలన హాని కలిగితే ఉచిత వైద్యమూ, నష్టపరిహారమూ ఇవ్వవలసినది పరీక్ష జరిపించే సంస్థ. ప్రామాణిక చికిత్స అందుబాటులో ఉండీ ఇవ్వక, ఉత్తుత్తి మాత్రతో సరిపెట్టినందువల్ల హాని జరిగినా పరిహారం చెల్లించాలి. పరీక్ష నుండి ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకొనవచ్చు; అందువలన మామూలు వైద్యానికి లోపం రాకూడదు.

సమ్మతి పత్రం తనకు అర్థమయ్యే భాషలో పొందడం రోగి హక్కు. ఈ సంగతి సూరత్‌లో మరింత ముఖ్యం. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుండి తరలి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడి మరమగ్గాల మీద జీవిస్తున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడిపేటంతటి జనాభా వారిది. గుజరాతీ మాట్లాడగలిగినంత మాత్రాన, గుజరాతీలో అచ్చయిన ఇరవై పుటల వైద్య పత్రాన్ని చదివి అర్థం చేసుకోగలరని అనుకోరాదు. తెలుగు ప్రతి అడగవచ్చు. ఇంటికి తీసుకుపోయి భార్యాభర్తలు కలిసి చదువుకుంటామని చెప్పవచ్చు. అక్కడికక్కడే సంతకం పెట్టమని తొందర చేసేవారి దగ్గర పెట్టకపోవడమే మేలు.

అడగవలసిన ప్రశ్నలు ఎక్కువేమీ కావు. కాలేయం ముక్క ఎన్నిసార్లు తీస్తారు? ప్రస్తుతం వాడుతున్న షుగరు మాత్రలు, కొలెస్టరాల్ మాత్రలు మానాలా? పరీక్ష ముగిసిన తరువాత మందు పనిచేసినట్లు తేలితే నాకు అందుతుందా? రాత్రివేళ ఏదైనా జరిగితే ఫోను ఎవరికి చేయాలి? వీటితో పాటు పరీక్ష రిజిస్ట్రేషన్ సంఖ్య అడిగి వ్రాసుకోవాలి. 2007 జూలైలో భారత వైద్య పరిశోధనా మండలి ప్రారంభించిన సి.టి.ఆర్.ఐ. పట్టికలో, 2009 జూన్ 15 నుండి ప్రతి ఔషధ పరీక్షా నమోదు కావడం తప్పనిసరి. ఆ పట్టిక ఎవరైనా చూడవచ్చు. ఆ సంఖ్య చెప్పలేని పరీక్షలో చేరవలసిన పని లేదు.

మన చేతిలోని లెక్క

సాంవత్సరిక వైద్య పరీక్షల రిపోర్టులో 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అన్న పంక్తిని చూసి ఫైలులో పెట్టేసేవారు ఎక్కువ. అల్ట్రాసౌండ్‌లోని గ్రేడు కొవ్వును చెబుతుంది గాని మచ్చను చెప్పదు. మచ్చ అనుమానాన్ని అంచనా కట్టే సులభమైన లెక్క ఒకటి ఉన్నది. దీనిని ఫిబ్-4 అంటారు. వయస్సును ఎస్.జి.ఓ.టి.తో హెచ్చించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలలో తీసుకుని, ఎస్.జి.పి.టి. వర్గమూలంతో హెచ్చించాలి. మొదటి దానిని రెండవ దానితో భాగించాలి. ఉదాహరణకు 45 ఏళ్ల ఉద్యోగికి ఎస్.జి.ఓ.టి. 40, ఎస్.జి.పి.టి. 64, ప్లేట్‌లెట్లు 2 లక్షల 25 వేలు అనుకుందాం. 1,800ను 1,800తో భాగిస్తే 1. ఫలితం 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 56 ఏళ్ల వానికి ఎస్.జి.ఓ.టి. 72, ఎస్.జి.పి.టి. అదే 64, ప్లేట్‌లెట్లు 1 లక్షా 40 వేలు అయితే ఫలితం 3.6. ఇది 2.67 దాటింది, ఇతడు జాగు చేయక నిపుణుని కలవాలి. ఇద్దరి ఎస్.జి.పి.టి. ఒకటే అయి ఉండటం గమనార్హం. 65 ఏళ్లు దాటిన వారికి మాత్రం 1.3 బదులు 2ను హద్దుగా తీసుకుంటారు.

ఇక మందు లేని వైద్యం. క్యూబాలో 293 మంది రోగులకు ఏడాది పాటు ఆహార, వ్యాయామ నియమాలు పెట్టి, తరువాత కాలేయం ముక్క తీసి పరిశీలించిన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. శరీర బరువులో పదోవంతు తగ్గినవారిలో 90 శాతం మందికి వాపు పోయింది. 45 శాతం మందికి మచ్చ వెనుకకు తగ్గింది. ఇప్పటివరకు చెప్పుకున్న మందులేవీ ఈ 90ని అందుకోలేదు. మరి మందులెందుకు? అంత బరువు తగ్గగలిగినవారు నూటికి పదిమందే కాబట్టి. మిగిలిన తొంభైమందిని సోమరులని నిందించడం తేలిక. రాత్రి షిఫ్టు ముగించుకుని, పగలు నిద్రపట్టక, మధ్యాహ్నం రెండింటికి అన్నం తినే మనిషికి ఆ నియమం ఎంత కష్టమో అతని ఇంట్లోవారికి తెలుసు. వారి కొరకే ఈ పరీక్షలన్నీ.

రెస్మెటిరామ్ పరీక్షలో చేరినవారిని 54 నెలల పాటు గమనించాలన్నది ప్రణాళిక. సెమాగ్లుటైడ్ పరీక్ష రెండవ భాగంలో సుమారు 1,200 మందిని 240 వారాల పాటు అనుసరిస్తున్నారు. మచ్చ ఒక అంకె తగ్గినవారు నిజంగా సిర్రోసిస్ నుండి తప్పించుకున్నారా, ఎక్కువ కాలం బ్రతికారా అన్నది ఆ లెక్కలు పూర్తి అయినప్పుడు తెలుస్తుంది. వారిలో కొందరు ఇన్నేళ్లుగా వారం వారం పొడుచుకుంటున్నది ఉత్తుత్తి ఇంజెక్షనే. అది ఎవరిదో ఇంకా వారికి తెలియదు.